రోబో ఆన్‌లో ఉండగానే పిల్లలు చేతులు పెట్టేస్తున్నారు, మీ టీముల్లో ఎలా ఆపుతున్నారు?

ప్లానో_నాన్న:
అందరికీ నమస్తే. మా అమ్మాయి వాళ్ల హైస్కూల్ ఎఫ్‌ఆర్‌సీ (పిల్లలు పెద్ద రోబో కట్టి దిగే పోటీ) టీములో ఈ ఏడాది నుంచి నేనూ మెంటర్‌గా వెళ్తున్నా. సాఫ్ట్‌వేర్ వాణ్ణి, మెకానికల్ పెద్దగా తెలీదు. మొన్న ఒకబ్బాయి ఇన్‌టేక్ (వస్తువుల్ని రోబో లోపలికి లాగే భాగం) బెల్టు సరిచేస్తుంటే అటు ల్యాప్‌టాప్ దగ్గరున్నవాడు ఎనేబుల్ (రోబో మోటార్లు కదలనిచ్చే బటన్) కొట్టేశాడు, వేళ్లు కొద్దిలో తప్పాయి. వాళ్లకి నవ్వులాటే, నాకైతే గుండె ఆగినంత పనైంది. సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకోండి అని బోర్డు ఉంది, అది కాక ఇంకేం చెయ్యాలి?

గేర్‌బాక్స్_గిరి:
గ్లాసెస్ కంటికే కదండీ, వేళ్లకి కాదుగా. మా షాపులో ఒక్కదాని మీదే మొండిగా ఉంటాం, చెయ్యి ఫ్రేము లోపలికి వెళ్లాలంటే ముందు మెయిన్ బ్రేకర్ (రోబో మొత్తానికి కరెంటు ఆపే స్విచ్) ఎర్ర బటన్ నొక్కాల్సిందే, డిసేబుల్‌లోనే ఉంది అంకుల్ అంటే కుదరదు. ఆ 120 ఆంప్ బ్రేకర్ పడితే మోటార్లకి కరెంటే ఉండదు, ఎవడు ఏ బటన్ కొట్టినా పర్లేదు. రోబో మీది ఆరెంజ్ లైటు చదవడం కూడా నేర్పండి, నిలకడగా వెలిగితే డిసేబుల్, బ్లింక్ అయితే ఎనేబుల్. ల్యాప్‌టాప్ వాడు గట్టిగా అరవాలి, అందరూ చేతులెత్తి చూపించాకే కొట్టాలి, అంతసేపూ వేలు ఎంటర్ మీదే ఉండాలి (ఎంటర్ డిసేబుల్, స్పేస్ బార్ ఈ-స్టాప్, అంటే ఎమర్జెన్సీ స్టాప్).

న్యూజెర్సీ_మెంటర్:
గిరి గారూ, చెప్పడం తేలికే, కానీ బ్రేకర్ తీసిన ప్రతిసారీ రోబో వైఫై రేడియో మళ్లీ లేవడానికి టైం పడుతుంది, మ్యాచ్ ముందు పిట్‌లో (పోటీలో రోబో బాగుచేసుకునే చోటు) పిల్లలు అస్సలు వినరు. సెన్సార్ వైరు చూసే పనికి నేను పట్టుబట్టను, కాకపోతే లోపల చెయ్యి పెట్టినవాడి పక్కనే ల్యాప్‌టాప్ ఉండాలి, వాడు సరే అనేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. గేర్లు, చైన్లు ముట్టుకునే పనైతే మాత్రం బ్రేకరే.

కోడింగ్_అక్క:
ఇంకోటి ఎవరూ చెప్పట్లేదు. డిసేబుల్‌లో ఉన్నప్పుడు ఆర్మ్‌ని చేత్తో పక్కకి జరిపారనుకోండి, కోడ్‌లో పాత టార్గెట్ అలాగే ఉంటే ఎనేబుల్ అవ్వగానే ఒక్క ఊపున అక్కడికి దూకుతుంది, మూతి పగులుద్ది. మీరు సాఫ్ట్‌వేర్ వాళ్లేగా అన్నా, టెలిఆప్ ఇనిట్‌లో, ఆటో ఇనిట్‌లో (డ్రైవర్ నడిపే మోడ్, రోబో తనంతట నడిచే మోడ్ మొదలవ్వగానే నడిచే కోడ్) టార్గెట్‌ని ఇప్పుడున్న పొజిషన్‌కి రీసెట్ చేయించండి. కొత్త కోడ్ ఎక్కిస్తే మొదటి రన్ చక్రాలు నేలకి తగలకుండా దిమ్మెల మీద పెట్టే చెయ్యాలి.

ప్లానో_నాన్న:
అక్కా, ఇది అసలు ఆలోచించలేదు, ఈరోజే కోడ్ చూస్తా. మాది స్ప్రింగుల ఎలివేటర్ (రోబోలో పైకీ కిందికీ జరిగే భాగం), బ్రేకర్ తీస్తే చాలా?

గేర్‌బాక్స్_గిరి:
చాలదండి. స్ప్రింగుకి కరెంటుతో పనేముంది, బ్యాటరీ పీకేసినా లాగుతూనే ఉంటుంది. పైన ఆగి ఉంటే కింద అడ్డంగా పైపు దూర్చి అప్పుడు చెయ్యి పెట్టమనండి. న్యూమాటిక్స్ (గాలి ఒత్తిడితో కదిలే భాగాలు) ఉంటే ట్యాంకుల్లో 120 పీఎస్ఐ దాకా గాలి ఉంటుంది, గాలి వదిలేసే డంప్ వాల్వ్ తిప్పి గేజ్ సున్నాకి వచ్చాకే చెయ్యి పెట్టాలి. జుట్టు ముడి, హుడీ తాళ్లు లోపలికి, మెడలో ఐడీ కార్డు తీసేయడం, ఇవి మీకు తెలిసే ఉంటాయి.