23/5కు 5 3/4 ఎందుకు తప్పు? సరిచూస్తే 23 వస్తోంది కదా!

మిర్యాలగూడ అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాప ఆరో తరగతి. అపక్రమ భిన్నాలను (లవం హారం కంటే పెద్దగా ఉండేవి) మిశ్రమ భిన్నాలుగా (ముందు పూర్ణాంకం, పక్కన భిన్నం) మార్చమని పది లెక్కలిచ్చారు. ఏడు తప్పులు. ఏడింటికీ ఎర్ర సిరాతో అడ్డగీత పడింది, పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. మొదటి లెక్క 23/5. పాప 5 3/4 అని రాసింది. నేను కూర్చుని సరిచూశాను. 5ను 4తో గుణిస్తే 20, దానికి 3 కలిపితే 23. లవం సరిగ్గా వచ్చింది. మరి తప్పెక్కడుంది? డిగ్రీ చదివాను గానీ భిన్నాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయమే. అది పాపకు తెలియకూడదని ఇక్కడ అడుగుతున్నాను.

నారాయణపేట లెక్కల టీచర్:
అమ్మా, జవాబు తర్వాత చెబుతాను. ముందు ఒక్క సంగతి చెప్పండి. పాపకు ఒప్పయిన మూడు లెక్కలు ఏవి?

మిర్యాలగూడ అమ్మ:
11/3, 19/4, 24/6.

వనపర్తి డిగ్రీ విద్యార్థి:
అక్కా, ఇంత అవసరం లేదు. ఫోనులో 23ను 5తో భాగించండి, 4.6 వస్తుంది. చుక్కకు ముందున్న 4 పూర్ణాంకం. మిగిలిన 0.6ను 5తో గుణిస్తే 3. జవాబు 4 3/5. అయిపోయింది.

నారాయణపేట లెక్కల టీచర్:
తమ్ముడూ, 5కు కుదిరింది. 23/7 తీసుకో. 3.2857 అని ఇంకా పోతూనే ఉంటుంది. 0.2857 దగ్గర ఆపి 7తో గుణిస్తే 1.9999 వస్తుంది. అది 2 అని నీకు తెలుసు, ఆరో తరగతి పిల్లకు ఎలా తెలుస్తుంది? పైగా పరీక్షలో ఫోను ఉండదు.

అమ్మా, నేను అనుమానించిందే నిజమైంది. పాపకు భాగహారం బాగా వచ్చు. ఒప్పయిన లెక్కలే ఆ సంగతి చెబుతున్నాయి. 11ని 3తో భాగిస్తే భాగఫలం కూడా 3. 19ని 4తో భాగిస్తే భాగఫలం కూడా 4. రెండూ ఒకే అంకె అయినప్పుడు దేన్ని ఎక్కడ రాసినా తప్పు బయటపడదు. 24/6లో శేషమే లేదు కాబట్టి 4 అని రాసి ఊరుకుంది. మిగతా ఏడింటిలో విభాజకాన్నీ (భాగించే సంఖ్య) భాగఫలాన్నీ తారుమారు చేసి ఉంటుంది, నోటుపుస్తకం తీసి చూడండి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, మనం భాగహారం వేసే తీరు గుర్తు తెచ్చుకోండి. ఎడమ పక్కన 5, మధ్యలో 23, కుడి పక్కన 4, అడుగున 3. పాప దాన్ని ఎడమ నుంచి చదువుకుంటూ దించేస్తోంది. ఎడమనున్న 5ను ముందు రాసి, అడుగున మిగిలిన 3ను లవంగా పెట్టి, కుడి పక్కనున్న 4ను హారం చేస్తోంది. నిజానికి కుడి పక్కనున్న భాగఫలమే ముందుకు రావాలి. ఎడమ పక్కనున్న విభాజకం హారంగా మిగలాలి. 23 = 5 × 4 + 3 కనుక 4 3/5.

ఇక మీ సరిచూపు. అది సగంలో ఆగింది. 5ను 4తో గుణించినా, 4ను 5తో గుణించినా 20యే. అందుకే తప్పు జవాబుకూ లవం 23 వచ్చి మిమ్మల్ని మోసం చేసింది. హారాన్ని కూడా చూసి ఉంటే దొరికిపోయేది. 5 3/4ను వెనక్కి మారిస్తే వచ్చేది 23/4, ఇచ్చింది 23/5. ఇంకో దారి ఉంది. అయిదు పూర్ణాలు కావాలంటే అయిదో వంతులు 25 ఉండాలి, మన దగ్గర ఉన్నవి 23. కాబట్టి ముందు 5 రావడానికి వీలే లేదు.

హారం ఎందుకు మారదని పాప అడిగితే జొన్నరొట్టెలతో చూపించండి. ఒక్కో రొట్టెను నాలుగు ముక్కలు చేసి, 11 ముక్కలు పళ్లెంలో పెట్టండి. అది 11/4. నాలుగేసి ముక్కలు కలిపి రొట్టెలుగా పేర్చమనండి. రెండు రొట్టెలు అవుతాయి, మూడు ముక్కలు మిగులుతాయి. ఆ మిగిలినవి ఇప్పటికీ పావు ముక్కలే కదా? అందుకే కింద 4 అలాగే ఉంటుంది. 2 3/4, అంటే రెండుముప్పావు. బజారులో మనం అనే ఒకటింబావు, రెండున్నర అన్నీ మిశ్రమ భిన్నాలే. పదకొండు పావులు ఇవ్వమని ఎవరూ అడగరు.

50/8 లాంటివి 6 2/8 దగ్గర ఆపకుండా 6 1/4 చేయమనండి. ఇది చిన్న విషయమే గానీ మార్కు పోతుంది.

దేవరకొండ రైతు:
చెల్లెమ్మా, మాకు రోజూ ఉండే లెక్కే ఇది. ఎకరానికి 40 గుంటలు. నా భూమి మొత్తం 95 గుంటలు, అంటే 95/40 ఎకరాలు. అలా ఎవరం చెప్పం. రెండెకరాల పదిహేను గుంటలు అంటాం. టీచరు గారి లెక్కలో 2 15/40. కాగితం మీద దాన్నే 2.15 అని రాస్తారు. ఆ చుక్కను దశాంశం అనుకుంటే కొంప మునుగుతుంది. నిజంగా 2.15 ఎకరాలయితే 86 గుంటలే. తొమ్మిది గుంటలు గల్లంతు. గుంటకు 121 గజాల లెక్కన 1089 గజాలు. ఊళ్లో చదువుకున్న పిల్లలు కూడా కలపడంలో తప్పు చేస్తారు. 2.15, 1.30 కలిపితే ఫోను 3.45 అంటుంది. 45 గుంటల్లో ఒక ఎకరం దాగి ఉంది, దాన్ని బయటకు తీయాలి. నాలుగెకరాల అయిదు గుంటలు, 4.05.

నల్లగొండ కోడలు:
నా పుట్టిల్లు తెనాలి. అక్కడ ఎకరానికి 100 సెంట్లు, కాబట్టి చుక్క నిజంగానే దశాంశం. పెళ్లయిన కొత్తలో మామగారి పాసుపుస్తకం చూసి భూమి తక్కువ చేసి చెప్పాను. ఆయన చాలా రోజులు గుర్తుపెట్టుకున్నారు.

మిర్యాలగూడ అమ్మ:
టీచర్ గారూ, నోటుపుస్తకం చూశాను. ఏడింటిలోనూ అదే తారుమారు. భాగహారం వేయగానే కుడి పక్కనున్న అంకె చుట్టూ సున్నా చుట్టి, అక్కడి నుంచి ముందుకు బాణం గీయమన్నాను. ఇవాళ ఆరు చేసింది, ఆరూ ఒప్పే. రొట్టెలు మాత్రం లెక్క పూర్తికాకముందే తినేసింది.

అన్నయ్యా, మీ గుంటల మాట చెప్పగానే మా మామగారు పాసుపుస్తకం తెచ్చి పాప ముందు పెట్టారు. ఒక తునక 3.38, ఇంకొకటి 1.27. పాప వేళ్ల మీద లెక్క చూసి 65 గుంటలు, అందులో ఒక ఎకరం పోగా 25 అంది. మొత్తం అయిదెకరాల 25 గుంటలు. మామగారు మనవరాలి వీపు తట్టారు. మా ఆయన ఫోను పట్టుకుని ఇంకా 4.65 అంటూనే ఉన్నారు.