జవాబు ఇంకా రాని ప్రార్థన గురించి ఆదివారం సాక్ష్యం చెప్పవచ్చా?

అంబత్తూరు విశ్వాసి:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను అంబత్తూరు పారిశ్రామికవాడలో వాహనాల విడిభాగాలు చేసే చిన్న కర్మాగారంలో సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ణి. ఆర్డర్లు తగ్గిపోయి యజమాని సగం మందిని ఆపేసినప్పుడు నా పనీ పోయింది. ఇప్పుడు మా ఇల్లు నా భార్య రుబ్బి అమ్మే ఇడ్లీ పిండి మీద నడుస్తోంది. తెల్లవారుజామున గ్రైండరు తిరుగుతుండగానే, ఆమె ఒక చేత్తో పిండి తోస్తూ, నేను పక్కన పీట మీద కూర్చుని, ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకుంటాం. ఆ తరువాత సంచులు కట్టడం, ఇళ్లకు చేర్చడం మొదలైతే ఇద్దరికీ తీరిక ఉండదు. ఉద్యోగం ఉన్న రోజుల్లో అలవాటుగా చదివిన బైబిలు వాక్యం ఇప్పుడు నాకు ఆహారమైంది. ఈ మాట సంఘంతో చెప్పుకోవాలని పోయిన ఆదివారం ఆరాధనలో, దేవుడు తమకు చేసినది విశ్వాసులు లేచి అందరికీ చెప్పే సాక్ష్యాలకు పేరు ఇచ్చాను. ఉద్యోగం ఇంకా రాలేదు, అయినా దేవుడు మమ్మల్ని విడిచిపెట్టలేదు అని మొదలుపెట్టానో లేదో, పెద్దల్లో ఒకరు దగ్గరికి వచ్చి, 'జవాబు వచ్చాక జయంతో చెప్పండి బ్రదర్' అని మైకు తీసుకుని పాట ఎత్తుకోమన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు, నాకు ఆయన మీద కోపం లేదు. అయితే జవాబు రాకముందు దేవుణ్ణి నమ్ముతున్నానని చెప్పడం సాక్ష్యం కాదా? పెద్దలు, తెలిసినవారు చెప్పగలరు.

సంఘ సేవకుడు, పెరంబూరు:
సహోదరుడా, మీ కుటుంబం కోసం ఈ రాత్రే ప్రార్థిస్తాను. అయినా మీ సంఘ పెద్ద చేసినది సరైనదేనని నా నమ్మకం, అందుకు వాక్యంలోనే ఆధారం ఉంది. బైబిలులోని 73వ కీర్తనలో, దాన్ని రాసిన ఆసాపు భక్తిహీనుల క్షేమాన్ని చూసి, తన పాదాలు ఇంచుమించు జారిపోయాయని చెప్పుకున్నాడు. కానీ 15వ వచనంలో, నేను ఇలా మాట్లాడదామనుకొని ఉంటే నీ పిల్లల తరాన్ని మోసపుచ్చినవాణ్ణి అయ్యేవాణ్ణి అంటాడు. లోపల పోరాటం జరుగుతున్నంత కాలం ఆయన నోటిని కాచుకున్నాడు. దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లి సంగతి గ్రహించిన తరువాతనే కీర్తన పాడాడు. మా ఆదివారం ఆరాధనలో వెనుక వరుసల్లో మొదటిసారి వచ్చినవారు, ఇంట్లో చెప్పకుండా వచ్చినవారు కూర్చుంటారు. ఈ దేవుడు ప్రార్థన వింటాడా అన్న ఒక్క ప్రశ్నతో వచ్చిన మనిషికి మనం ముందుగా వినిపించవలసినది ఏమిటో ఆలోచించండి. బాధ చెప్పుకోవడానికి బుధవారం గృహ కూడిక ఉంది, ఉపవాస ప్రార్థన ఉంది, అయ్యగారి ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. విన్నపానికి ఒక చోటు, సాక్ష్యానికి ఒక చోటు ఉన్నాయి. సంఘంలో సమస్తమూ మర్యాదగా, క్రమంగా జరగాలని పౌలు కొరింథీయులకు రాసింది ఇందుకే.

హల్లెలూయ:
సేవకుడుగారు వాక్యానుసారంగా చెప్పారు. ఆమేన్.

రాత్రి డ్యూటీ:
సేవకుడుగారికి వందనాలు. నేను నర్సును, చాలా ఆదివారాలు డ్యూటీ దిగి నిద్ర లేకుండానే ఆరాధనకు వెళ్తాను కాబట్టి ఈ విషయం నాకు దగ్గరిది. ఆసాపు తన పోరాటాన్ని దాచుకోలేదండి. దాచుకుని ఉంటే ఆ 73వ కీర్తన మన చేతికి వచ్చేదే కాదు. పాదాలు జారబోయిన సంగతితో సహా ఆయన రాసి ఇచ్చాడు, దేవుని ప్రజలు తరతరాలుగా పాడారు. 88వ కీర్తన సంగతి మీరు ఎత్తలేదు. దానిలో జవాబు రానే రాదు, చీకటి అనే మాట దగ్గరే అది ఆగిపోతుంది, అయినా దాన్ని కీర్తనల గ్రంథంలోంచి ఎవరూ తీసివేయలేదు.

మనం ఉంటున్న ఈ చెన్నై ఊరిని కూడా చూడండి. ప్రభువు తిరిగి లేచాడంటే, ఆయన గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనని పది మంది ముందు చెప్పిన శిష్యుడు తోమా ఈ ఊళ్లోనే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడని సంప్రదాయం చెబుతుంది; సెయింట్ థామస్ మౌంట్‌కు ఆ పేరు అలా వచ్చిందే, శాంతోములో ఆయన సమాధి మీదనే గుడి కట్టారని భక్తులు నమ్ముతారు. ఆయన ఆ మాట అన్న తరువాత ప్రభువు మళ్లీ కనబడడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజుల తరువాత కూడా తోమా మిగతా శిష్యులతో పాటు అదే గదిలో ఉన్నాడని యోహాను రాశాడు. నీకు నమ్మకం కుదిరాక రావయ్యా అని వారు ఆయన్ను బయట నిలబెట్టలేదు. అంబత్తూరు అన్నగారు తోమా పాటి సందేహం కూడా చెప్పలేదు, నమ్ముతున్నాననే చెప్పారు. ఆయన చేతిలోంచి మైకు తీసుకోవడం ఏ క్రమం?

కొరుకుపేట యువకుడు:
అసలు విషయం ఎవరూ చెప్పడం లేదు. చాలా సంఘాల్లో సాక్ష్యం చెప్పినవారు కృతజ్ఞతార్పణ డబ్బు పెట్టిన కవరు కానుకల సంచిలో వేస్తారు. ఉద్యోగం వచ్చిందన్నవాడు మొదటి జీతం తెస్తాడు, ఇల్లు కొన్నవాడు ఇంకా ఎక్కువ తెస్తాడు. ఏమీ రానివాడి దగ్గర కవరు ఉండదు, కాబట్టి అతని పేరు జాబితాలో ఎక్కదు. మా నాన్నగారు ఒప్పంద కార్మికుడిగా వీధులు ఊడ్చి మమ్మల్ని పెంచారు. ఆయన సాక్ష్యానికి పేరు ఇచ్చిన ప్రతిసారీ, సమయం అయిపోయింది, వచ్చే వారం చూద్దామనేవారు.

సంఘ సేవకుడు, పెరంబూరు:
తమ్ముడూ, ఈ మాటకు నేను జవాబు చెప్పే తీరాలి. నేను పరిచర్యలో ఉన్నంత కాలం సాక్ష్యం చెప్పేవారిని ఎవరినీ కవరు అడగలేదు. కృతజ్ఞతార్పణ విశ్వాసి తన ఇష్టంతో దేవునికి ఇచ్చేది. మోషే ధర్మశాస్త్రంలో సమాధాన బలిలో కృతజ్ఞతార్పణ ఉన్నది, అది మనుషులు కల్పించినది కాదు. మీ నాన్నగారికి జరిగినది బాధాకరం, కానీ ఒక సంఘంలో జరిగినదాన్ని పట్టుకుని అన్ని సంఘాల పెద్దల మీదా డబ్బు నింద వేయడం న్యాయం కాదు.

కొరుకుపేట యువకుడు:
మీరు అడగరు, నేను ఒప్పుకుంటాను. కానీ కవరు వేయని సాక్ష్యం మీ సంఘంలో చివరిసారిగా ఎప్పుడు విన్నారు?

సంఘ సేవకుడు, పెరంబూరు:
ఎవరు వేశారో ఎవరు వేయలేదో నేను లెక్క పెట్టను. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు.

హల్లెలూయ:
దయచేసి కానుకల గురించి ఇలా బహిరంగంగా వాదించవద్దు, అన్యజనులు చూస్తారు.

సైదాపేట అమ్మ:
2015 డిసెంబరులో అడయారు నది పొంగి సైదాపేటలో మా ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆ తరువాతి ఆదివారం నాటికి ఇంట్లో బురద ఇంకా ఎత్తనేలేదు, బియ్యం డబ్బా దగ్గర్నుంచి పిల్లల పుస్తకాల దాకా అన్నీ పాడైపోయాయి. తడి చీరతోనే ఆరాధనకు వెళ్లి, ప్రాణాలు కాచిన దేవునికి స్తోత్రమని చెప్పాను. ఇల్లు బాగుపడ్డాక చెప్పమ్మా అని ఆ రోజు ఎవరూ నన్ను కూర్చోబెట్టలేదు.

సంఘ సేవకుడు, పెరంబూరు:
అమ్మగారూ, మీరు ప్రాణాలు దక్కాయని చెప్పారు. అది జవాబే, అది జయమే. నేను అన్నదీ అదే.

కాలువ గట్టు:
మా పూర్వికులు ఒంగోలు ప్రాంతం వారు, కాబట్టి ఒక పాత సంగతి చెబుతాను. 1876 నుంచి 78 వరకు వచ్చిన గొప్ప కరవులో అమెరికన్ బాప్తిస్తు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే గుత్త తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలీ దొరికేలా చేశాడు. మన చెన్నైలో లోకల్ రైలు వంతెన కింద నల్లగా పారుతున్నది ఆ కాలువే. తవ్వేవారి మధ్య బోధకులు తిరిగి వాక్యం చెప్పారు, బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. కూలీ కోసం, గింజల కోసం నమ్మామనే మాట రాకూడదని క్లౌ కరవు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. సాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక చేతికి ఏమీ అందదని తెలిసి వచ్చినవారు వారు. తెలుగు సంఘం పునాదుల్లో అలాంటి విశ్వాసం ఉంది. దాన్ని మనం ఇప్పుడు ఉద్యోగాల జాబితాగా, వీసాల జాబితాగా మార్చుకున్నాం.

సంఘ సేవకుడు, పెరంబూరు:
అయ్యా, మీరు చెప్పిన చరిత్ర నా మాటనే బలపరుస్తోంది. సరైన సమయం వచ్చేవరకు ఆగమని క్లౌ దొరగారు చెప్పారు. నేను చెబుతున్నదీ ఆగమనే.

కాలువ గట్టు:
ఆయన ఆగమన్నది వారి విశ్వాసం ఇచ్చిపుచ్చుకోవడంలో కలిసిపోకూడదని. మీరు ఆగమంటున్నది ఇవ్వబడేదాకా. ఈ రెండూ ఒకటి ఎలా అవుతాయి?

రాత్రి డ్యూటీ:
సేవకుడుగారూ, నేను ఇంత సేపూ నిగ్రహించుకున్నాను. మా అమ్మ మూత్రపిండాల వ్యాధితో పోయింది. సమాధుల తోటలో మట్టి వేసి చేతులు కడుక్కుంటుండగా, సంఘంలో ఒక పెద్దాయన మా తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లో ఎవరి విశ్వాసం లోపించిందో పరీక్షించుకోండి బాబూ అన్నాడు. డయాలసిస్‌కు తీసుకువెళ్లిన ప్రతిసారీ ఆ కుర్చీ పక్కన నిలబడి వాక్యం చదివినవాడు మా తమ్ముడే. ఆ సాయంత్రం తరువాత వాడు ఏ సంఘంలోనూ అడుగు పెట్టలేదు. జయం పొందినవారికే మైకు ఇస్తే, పొందనివారి గురించి సంఘం ఏమనుకుంటుందో వేరే చెప్పనక్కర లేదు. మీ క్రమం అలాంటి మాటలకు చోటు ఇస్తోంది.

సంఘ సేవకుడు, పెరంబూరు:
సిస్టర్, ఆ మాట అన్నవాడు దేవుని ఎదుట జవాబు చెప్పుకోవాలి. నేను అలాంటివాణ్ణి కాను, నన్ను అతని పక్కన నిలబెట్టకండి. మీరు అడిగారు కాబట్టి నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెబుతాను. మా సంఘంలో ఒక కుటుంబం, బిడ్డకు వైద్యం ఇంకా సాగుతుండగానే, స్వస్థత కలిగిందని ఆదివారం సాక్ష్యం చెప్పింది. అడుగుచున్న వాటిని పొందియున్నామని నమ్ముడి అన్న మార్కు సువార్త మాటను పట్టుకుని చెప్పారు, సంఘమంతా చప్పట్లు కొట్టింది. కొన్ని నెలలకు బిడ్డ పోయింది. ఆ తరువాత వెనుక వరుసల్లో కూర్చునే రెండు కుటుంబాలు రావడం మానేశాయి, వారి ఇళ్లకు వెళ్లి కూర్చున్నది నేను, వారి ప్రశ్నలు విన్నది నేను. జవాబు చేతికి వచ్చాకనే చెప్పాలన్న నియమం ఆ రోజు పెట్టుకున్నాను. డబ్బు కోసమూ కాదు, గర్వంతోనూ కాదు.

రాత్రి డ్యూటీ:
ఆ కుటుంబం కోసం నా గుండె బరువెక్కింది. కానీ వారు చెప్పినది రాని జవాబు వచ్చిందని. అంబత్తూరు అన్నగారు చెప్పబోయినది రాలేదని, అయినా నమ్ముతున్నానని. దానియేలు గ్రంథంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండంలో పడకముందే, తన ప్రతిమకు మొక్కమన్న రాజు ఎదుట, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షింపకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. సంఘంలో ఆ రెండవ మాట చెప్పే అలవాటు ఉండి ఉంటే, ఆ తల్లిదండ్రులు ముందుగానే స్వస్థత ప్రకటించవలసిన అగత్యం ఉండేదా?

సంఘ సేవకుడు, పెరంబూరు:
వినేవారికి ఆ తేడా తెలియదు సిస్టర్. కొత్తగా వచ్చినవాడి చెవిలో పడేది 'రాలేదు' అన్న మాట ఒక్కటే.

సైదాపేట అమ్మ:
అయ్యా, ఆ బిడ్డ తల్లిదండ్రులు ఇప్పుడు సంఘానికి వస్తున్నారా?

సంఘ సేవకుడు, పెరంబూరు:
రావడం లేదమ్మా. నేను మూడు నాలుగు సార్లు వెళ్లి పిలిచాను. చెప్పుకోవడానికి మా దగ్గర సాక్ష్యం లేదయ్యా, ఏ ముఖం పెట్టుకుని వస్తాం అని ఆ తండ్రి అన్నాడు. ఆ మాటకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. కానీ ఆదివారం మైకు ఇవ్వడమే దానికి జవాబని కూడా నేను నమ్మను.

కాలువ గట్టు:
అయితే ఇక్కడ మనం వాదిస్తున్నది సాక్ష్యాల జాబితా గురించి కాదు. దేవుడు నమ్మదగినవాడని కొత్తవారికి చూపించడానికి ఆయన ఇచ్చిన ఈవులే ఆధారమని మీరు అంటున్నారు. ఈవులు లేని చోట కూడా ఆయన్ను విడవని మనుషులే ఆధారమని మేము అంటున్నాం. తన శరీరంలో ముల్లులా బాధించినదాన్ని తీసివేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, నా కృప నీకు చాలునన్న మాట తప్ప మరేదీ రాలేదు, ఆ సంగతిని ఆయన కొరింథీయులకు రెండవ పత్రికలో సంఘమంతటికీ రాసి పంపాడు.

సంఘ సేవకుడు, పెరంబూరు:
పౌలు అపొస్తలుడు. అందరి భుజాలూ అంత బరువు మోయలేవు. నేను కాపరి పక్షాన మాట్లాడుతున్నాను, మీరు గట్టి విశ్వాసుల పక్షాన మాట్లాడుతున్నారు.

కొరుకుపేట యువకుడు:
మా నాన్నగారు గట్టి విశ్వాసిననీ అనుకోలేదు, అపొస్తలుణ్ణనీ అనుకోలేదు. చీపురు పట్టుకుని వెళ్లేముందు గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసేవారు. ఆ సంగతి సంఘంలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

అంబత్తూరు విశ్వాసి:
అందరికీ కృతజ్ఞతలు. సేవకుడుగారి భయం నాకు అర్థమైంది. నిన్న మా పాస్టరుగారిని కలిశాను. ఈ బుధవారం గృహ కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు, ఆదివారం గురించి పెద్దలతో మాట్లాడతానన్నారు. బుధవారం చెబుతాను. ఆదివారానికి కూడా మళ్లీ పేరు ఇస్తాను, ఆ లోపు ఉద్యోగం వచ్చినా రాకపోయినా నేను చెప్పబోయే మాట మారదు. సేవకుడుగారూ, ఆ బిడ్డ తల్లిదండ్రులు ఒప్పుకుంటే నేనూ నా భార్యా వారి ఇంటికి వెళ్లి వారితో కూర్చుంటాం.

సంఘ సేవకుడు, పెరంబూరు:
వారిని అడిగి మీకు ప్రైవేటు సందేశంలో తెలియజేస్తాను. ఆదివారం విషయంలో నా మాట మాత్రం మారలేదు.