గురి గింజలోనా, గురిగింజలోనా?

అరసున్న:
చాలా రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. మా పెదనాన్న దూరపు గురి పోటీలకు తూటాలు తానే నింపుకునేవారు. చిన్న త్రాసు ముందు కూర్చుని పళ్లెంలోకి తుపాకి మందు ఒక్కో పలుకే జారవిడుస్తూ "గురి గింజలో ఉంది" అనేవారు. దాని వెనక ఇంకో ముక్క ఉండేది. "గొ" అనో "గు" అనో మొదలయ్యేది. అది పూర్తిగా మరచిపోయాను. ఇప్పుడు సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి తూటాలు నింపడం మీద తెలుగులో నోట్సు రాసుకుంటున్నాను. పైన ఈ మాట పెట్టుకోవాలని ఉంది. రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఆయన అన్నది "గురి గింజలో" అనా, "గురిగింజలో" అనా, అంటే గురివింద గింజలో అనా? చెవికి మధ్యలో ఖాళీ వినిపించదు కదా.

వలపలగిలక:
ఖాళీ సంగతి తర్వాత, ముందు అక్షరం చూడండి. గురిపెట్టే గురి పాత రాతలో గుఱి. శకటరేఫ, అంటే బండి ఱ ఉంది. గుఱుతు కూడా అంతే. గురివిందకి బండి ఱ ఉన్నట్టు నేను ఎక్కడా చూడలేదు. కాబట్టి అవి రెండు మాటలు. మీరు "గుఱి" అని రాసేయండి, ఖాళీ ఉన్నా లేకపోయినా చదివేవారికి అర్థం తప్పదు.

వేరుమాట:
మాస్టారూ, వేరు, వేఱు విషయంలో మీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. చెట్టుకి ఉండేది ఒకటి, విడిపోయేది ఇంకొకటి. తమిళం ఈ రోజుకీ ఆ రెండింటినీ కలపకుండా రాస్తోంది. కానీ పెదనాన్నగారు రాయలేదు, అన్నారు. ఆయన నోట్లో ఉన్నది ఒక్కటే ర. నోట్లో లేని ఱ ని మనం రాతలో పెడితే అది మన తీర్పు అవుతుంది, ఆయన మాట కాదు.

ఇంకో సంగతి. గురిగింజలో గురి వేరే మాట అని అంత గట్టిగా ఎలా అంటున్నారు? ఎర్రటి గింజ, ఒక కొసన నల్లటి మచ్చ. మచ్చ అంటే గుఱుతు. గుర్తున్న గింజ గురిగింజ ఎందుకు కాకూడదు? నాకు చాలా ఏళ్లుగా ఉన్న ఊహ ఇది.

వలపలగిలక:
ఊహ అందంగానే ఉంది, రేఫ ఒప్పుకోదు. తమిళంలో ఆ గింజ కున్ఱి. గురి మాత్రం కుఱి. రెండింటికీ మధ్య ఒక న అడ్డంగా ఉంది. మూన్ఱు మనకి మూఁడు అయింది, ఒన్ఱు ఒండు అయింది. ఆ దారిన వస్తే కున్ఱిలోంచి గుఱి ఊడిపడదు. కన్నడం గులగంజి అంటుంది, అక్కడైతే ర కూడా లేదు. మచ్చని చూసి పేరు పెట్టి ఉంటే ఈ అన్నదమ్ముల భాషలన్నిట్లో ఆ మచ్చ కనిపించాలి.

పాతవాళ్లు ఈ రెండు రేఫలని ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో తెలియాలంటే తిక్కన విరాటపర్వంలో "వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగ రాదు" పద్యం తీయండి. మొదటి పాదంలో రాదు, చివరి పాదంలో ఇత్తఱి. ఒకే పద్యంలో రెండూ ఉన్నాయి, ఒకదాని చోటికి ఇంకొకటి రాలేదు. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. గురి తప్పనివాడు ఎదురుగా వచ్చి నిలబడితే గెలుస్తామని చెప్పలేం అన్న మాటని అంత తొణకకుండా చెప్పడం తిక్కనకే చెల్లింది.

మందుతూకం:
ఇక్కడ ఎక్కువగా చదివి వెళ్లిపోతుంటాను. ఇది నా పనికి సంబంధించిన మాట కాబట్టి రాస్తున్నాను. తూటాలు నింపేవారికి గింజ అంటే గ్రెయిన్, ఇంకో అర్థం లేదు. మందుని తూచేది గ్రెయిన్లలో, గుండు బరువు చెప్పేదీ గ్రెయిన్లలోనే. పౌనుకి 7000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 64.8 మిల్లీగ్రాములు. పాత కొలతల్లో తులానికి 96 గురిగింజలు, అంటే ఒక్కో గింజ 0.12 గ్రాముల చిల్లర. గ్రెయిన్లలో చెప్పాలంటే రెండుకి కాస్త తక్కువ.

మేం త్రాసు మీద పదో వంతు గ్రెయిన్ కోసం పోట్లాడతాం. గురిగింజతో తూచేవాడు ఆ పదో వంతుని చూడనే చూడలేడు. దూరం పెరిగేకొద్దీ ఇది ఎంత ముఖ్యమో చెప్తాను. తూటాకీ తూటాకీ మధ్య గుండు వేగంలో సెకనుకి 10 అడుగుల తేడా వచ్చిందనుకోండి. 100 గజాల దగ్గర అది కంటికి ఆనదు. 1000 గజాల దగ్గర మామూలు .308 రైఫిల్ గుండు సుమారు మూడు నాలుగు అంగుళాలు పైకో కిందికో పోతుంది. గాలి తప్పు కాదు, మీట నొక్కిన వేలు తప్పు కాదు, తూకం తప్పు. పెదనాన్నగారు అన్నది అదే. గురి, ఖాళీ, గింజలో. నాకైతే ఇందులో సందేహం లేదు.

అరసున్న:
మందుతూకం గారూ, ధన్యవాదాలు. కానీ ఆయన మందు పలుకుల్ని కూడా గింజలనే అనేవారు. "ఇంకో రెండు గింజలు వెయ్యి" అంటే రెండు గ్రెయిన్లు అని కాదు, రెండు పలుకులు అని. అలాంటప్పుడు "గింజలో" అన్నది తూకమా, మందా?

మందుతూకం:
ఇది నేను ఆలోచించలేదు. పుల్లల్లా ఉండే మందులో ఒక్క పలుకు సుమారు 0.02 గ్రెయిన్ తూగుతుంది. పలుకు లెక్కన తూచేవాళ్లు నిజంగానే ఉన్నారు. గుండ్రటి మందు అయితే ఆవాల కన్నా సన్నంగా ఉంటుంది, దాన్ని చూసి గింజ అనడం ఇంకా సహజం. రెండు అర్థాలూ కుదురుతున్నాయి.

వేరుమాట:
పలుకు! మీరు ఇద్దరూ ఆ మాట వాడుతూనే ఉన్నారు, ఎవరూ ఆగి చూడలేదు. బియ్యం పలుకు, బెల్లం పలుకు, ఇప్పుడు మందు పలుకు. నోటి మాట కూడా పలుకే. దీని మీద విడిగా ఒక చర్చ పెట్టాలి.

సీసమాలిక:
ఇంతసేపూ ర, ఱ అని కొట్టుకున్నారు గాని ఎవరూ గణాలు కట్టలేదే! "గురిగింజ" సలం. "లోనుంది" తగణం. రెండూ ఇంద్రగణాలే. ఇంద్రగణంతో తేటగీతీ మొదలవదు, ఆటవెలదీ మొదలవదు. సీసం మొదలవుతుంది. సీసంలో మూడో గణం మొదటి అక్షరానికి యతి పడాలి. గు కి గొ సరిపోతుంది. అరసున్న గారికి గుర్తున్న "గొ" అక్కడిదే:

గురి గింజలోనుంది గొట్టాన లేదురా

సల, త, త, ర. సీసపాదంలో మొదటి సగం నిఖార్సుగా వచ్చింది. పెదనాన్నగారు పద్యం చెప్పారు, వచనం కాదు. శ్రీనాథుడి చాటువుతో పోల్చి చూడండి: "కాశికా విశ్వేశుఁ గలిసె వీరారెడ్డి". ర, త, నగ, త. అదే నడక. నాలుగు అడుగులేసి ఊపిరి పీల్చుకునే ఆ తీరు శ్రీనాథుడి తర్వాత తెలుగువాడి నాలుక మీద ఉండిపోయింది. తెలియకుండానే సీసంలో మాట్లాడేవాళ్లని నేను చూశాను. పైగా గుండు నడుమ ఉండేదీ సీసమే!

వలపలగిలక:
గణాలు సరే, ఒప్పుకున్నాను. కానీ అరసున్న గారు "గు" కూడా అన్నారు. "గురి గింజలోనుంది గుండులో లేదురా" అని చెప్పి చూడండి. సల, త, ర, ర. యతి ఇంకా బాగా పడింది, గు కి గు. మీ ఛందస్సు గొట్టాన్ని తేల్చలేదు, గుండునీ తేల్చలేదు. గుఱి అన్నా, గురి అన్నా, గురివింద అన్నా గణం అదే. ఖాళీ ఉన్నా లేకపోయినా అదే. అసలు ప్రశ్నకి సీసం జవాబు ఇవ్వదు.

సీసమాలిక:
జవాబు ఇవ్వదు, నిజమే. కానీ అది పద్యమని తేల్చింది. అది తక్కువ సంగతి కాదు.

వలపలగిలక:
పద్యమైతే "గింజలో ఉంది" అని మధ్యలో అచ్చుని వదలరు. అరసున్న గారు విన్నది "లో ఉంది". సంధి లేదు. వచనమే.

మందుతూకం:
గొట్టమా, గుండా అన్నది నా పనిలోంచి చూస్తే తేలవచ్చు. గుండు ఎంత ముఖ్యమో తెలిసినవాడెవడూ "గుండులో లేదురా" అనడు. ఒకే పెట్టెలోని గుండ్లని పొడవు చూసి, బరువు చూసి వేరుచేసుకుంటాం మేం. ఆ మాట ఆయన నోటి నుంచి రాదు.

గొట్టం సంగతి వేరు. బోల్ట్ రైఫిల్ వాడేవాడు గుండుని డొప్పలో (తూటా ఇత్తడి గుల్లలో) పైకి నిలబెట్టి గొట్టం లోపల చెక్కిన గాడులకి దగ్గరగా తీసుకుపోతాడు. ఒక్కో తూటా చేత్తో పెట్టుకుంటే చాలు. సెమీ ఆటోమేటిక్‌లో తూటా మ్యాగజీన్‌లో పట్టాలి. ఏఆర్-15 అనే సెమీ రైఫిల్ కి ఆ పొడవు సుమారు 2.26 అంగుళాలు. గొట్టం ఎంత మంచిదైనా గుండుని దాని దగ్గరికి పంపే వీలు లేదు. అందుకని మిగిలినవాటి మీదే ఆధారపడాలి: తూకం, డొప్ప మెడ బిగువు, మెడ కింద డొప్ప వెడల్పయ్యే భుజం కొలత. తూటా మ్యాగజీన్ నుంచి దూసుకుంటూ ఛాంబర్‌లోకి పోతుంది. మెడ బిగువు చాలకపోతే ఆ తోపుకి గుండు లోపలికి దిగిపోయి ఒత్తిడి అమాంతం పెరుగుతుంది, అది ప్రమాదం. భుజాన్ని బోల్ట్ రైఫిల్ కన్నా కాస్త ఎక్కువ వెనక్కి నొక్కాలి, లేకపోతే బోల్ట్ పూర్తిగా మూసుకోదు. చాలా సెమీల్లో ఫైరింగ్ పిన్‌ని వెనక్కి పట్టే స్ప్రింగ్ ఉండదు, తూటా లోపలికి పోగానే అది ముందుకొచ్చి ప్రైమర్‌ని తాకుతుంది. అందుకే గట్టి ప్రైమర్ (దెబ్బ తగిలితే మందుని అంటించే బిళ్ల) వాడమంటారు. అరసున్న గారూ, మీ నోట్సులో ఇవన్నీ రాయండి. మందు ఎంత అన్నది మాత్రం ఎవరి నోటి మాట మీదా నింపవద్దు, అచ్చయిన పట్టికలో కింది అంకెతోనే మొదలుపెట్టండి.

ఇంతకీ ఆయనది సెమీయేనా? అయితే నా ఓటు గొట్టానికి.

అరసున్న:
బోల్టూ ఉండేది, సెమీ కూడా ఉండేది. త్రాసు ముందు మాత్రం రెండింటికీ ఇదే మాట.

వేరుమాట:
"గురి కుదిరింది" అంటాం. తుపాకి గురి కుదిరినా అంతే, మనిషి మీద నమ్మకం కుదిరినా అంతే. వైద్యుడి మీద గురి లేకపోతే మందు పనిచేయదంటారు. జబ్బుకి గురయ్యాడంటే బాణం వచ్చి తగిలే చోట తను నిలబడ్డాడని. ఒకే మాటలో ఎక్కుపెట్టినవాడూ ఉన్నాడు, తగిలినవాడూ ఉన్నాడు. ఇక్కడ మందు కూడా ఉంది కదా. పెదనాన్నగారు "నా నమ్మకం ఈ గింజలో ఉంది" అన్నారేమో. లక్ష్యం అని కాకుండా.

వలపలగిలక:
నమ్మకం అనే అర్థంలో అయితే గురి దేని "మీద" ఉంటుంది, దేని "లో" ఉండదు. విభక్తి ఒప్పుకోదు.

వేరుమాట:
విభక్తి ఒప్పుకోదు, రేఫ ఒప్పుకోదు. మీ దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఒప్పుకోదు మాస్టారూ. కానీ ఈ ఒక్కదానికి నా దగ్గర సమాధానం లేదు, మీదే నిజం.

అరసున్న:
నిన్న రాత్రి ఆయన పాత పెట్టె తీశాను. లోపల తూకాల పుస్తకం దొరికింది. చేతిరాత ఆయనదే. ప్రతి పేజీలో నిలువు గళ్లు గీసి ఉన్నాయి: తేదీ, ప్రైమర్, గుండు, పొడవు. మందు గడి పైన "గిం" అని రాసి ఉంది. కింద అన్నీ దశాంశాలు. ఆ మాట మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు.

నాలుగు గురిగింజలు కూడా దొరికాయి, ప్రైమర్ల ఖాళీ డబ్బాలో. త్రాసు మీద పెట్టి చూశాను. ఒకటి 1.7 గ్రెయిన్లు, రెండు 1.8 చొప్పున, ఒకటి 2 దాటింది. ఎందుకు దాచుకున్నారో తెలియదు.

మందుతూకం:
గిం అంటే గ్రెయిన్. దశాంశాలు ఉన్నాయంటే ఇక సందేహమేముంది.

సీసమాలిక:
మరి ఆ నాలుగు గురిగింజలు?

వలపలగిలక:
అరసున్న గారూ, ఆ పేజీ ఫొటో పెట్టగలరా? ఆయన "గురి" అనో "గుర్తు" అనో రాసిన చోటు ఎక్కడైనా ఉంటే అది కూడా పెట్టండి. ఆ వయసువాళ్లలో కొందరు బడిలో ఱ నేర్చుకున్నారు. ఒక్కచోట ఱ దొరికినా చాలు.