అప్‌డేట్: వ్యాన్ క్లచ్ ఫ్లూయిడ్ లీకేజీ ఎక్కడుందో తెలిసింది

పోయిన వారం అడిగాను కదా, మా వ్యాన్‌లో క్లచ్ పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోందని, రివర్స్ వేస్తే గరగరమంటోందని, ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం రోజురోజుకీ తగ్గుతోందని. ఎక్కువమంది గేర్‌బాక్స్ లోపలుండే స్లేవ్ సిలిండర్ (ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే భాగం) పోయి ఉంటుందన్నారు. అదే అయితే గేర్‌బాక్స్ దించాల్సిందే కాబట్టి రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

అది కాదు! ఒకరు మాత్రం ముందు పెడల్ దగ్గర చూడమన్నారు, వాళ్లకు చాలా థ్యాంక్స్. టార్చ్ వేసుకుని మాస్టర్ సిలిండర్‌లోకి (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని నెట్టే భాగం) పుష్‌రాడ్, అంటే పెడల్ కడ్డీ, వెళ్లే చోట టిష్యూతో తుడిస్తే తడిసిపోయింది, కార్పెట్ కింద కూడా జిడ్డుగా ఉంది. సీల్ అరిగిపోయి ఫ్లూయిడ్ క్యాబిన్ లోపలికే కారుతోంది, అందుకే కింద నేల మీద ఒక్క చుక్క కూడా కనపడలేదు.

మాస్టర్ సిలిండర్ కొత్తది వేయించి, పైపుల్లో చేరిన గాలి పోయేదాకా బ్లీడ్ చేయించి, డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా పోయించాను. ఇప్పుడు పెడల్ గట్టిగా ఉంది, రివర్స్ చప్పుడు లేకుండా పడుతోంది.

ఇలాంటిదే ఎవరికైనా ఉంటే ఒక్క మాట: రోజూ కాస్త పోసుకుంటూ నడపకండి. నా వ్యాన్‌లో క్లచ్‌కీ బ్రేక్‌కీ డబ్బా ఒకటే, చాలా వాహనాల్లో అలాగే ఉంటుంది, కాబట్టి ఫ్లూయిడ్ తగ్గితే బ్రేకులకీ ముప్పే. నేను నాలుగు రోజులు అలాగే నడిపాను, అది తప్పు. ఫ్లూయిడ్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింట్‌ని తినేస్తుంది. రెండు వారాలు మట్టం గమనించి మళ్లీ రాస్తాను.