అప్‌డేట్: కొండ దిగేటప్పుడు కాలి వేళ్ల నొప్పి, కారణం లేసులే

గైడ్‌తో రెండు రోజుల కొండ నడకకు వెళ్తున్నాను, దిగేటప్పుడు బొటనవేళ్లు బూటు ముందు భాగానికి గుద్దుకుని గోళ్లు నల్లబడుతున్నాయి, ఒక సైజు పెద్దవి కొనాలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాను. కొనక్కర్లేకపోయింది.

మొదటి రోజు దిగడం మొదలుపెట్టే ముందు గైడ్ నన్ను ఒక బండ మీద కూర్చోబెట్టి లేసులు మొత్తం వదులు చేయించారు. మడమను నేలకేసి రెండుసార్లు కొట్టి, పాదాన్ని పూర్తిగా వెనక్కి జరపమన్నారు. పాదం పైన మామూలుగానే కట్టి, చీలమండ వంపు దగ్గర మాత్రం ఒక మెలిక అదనంగా వేసి గట్టిగా బిగించారు. అంతే, పాదం ముందుకు జారడం ఆగింది. నేనేమో ఇన్నాళ్లూ ఎక్కేటప్పుడు కట్టిన వదులు లేసులతోనే దిగుతున్నాను!

గోళ్లు ముందే పొట్టిగా కత్తిరించుకోమన్నవారికి థాంక్స్, అదీ పనిచేసింది. చేతికర్రలు మోకాళ్లకు హాయిగా ఉన్నాయి గానీ వేళ్ల నొప్పికి సంబంధం లేదు. రెండు జతల సాక్సుల సలహా మాత్రం నాకు దండగ. బూటు ఇంకా బిగుతై మడమ మీద బొబ్బ లేచింది, రెండో రోజు ఒక జత తీసేశాను.

పాత నల్ల గోరు ఇంకా అలాగే ఉంది. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది మరి.