తలాంతు, టాలెంట్ ఒకే మాటా?

గుంటూరు టీచర్:
సండే స్కూల్ పిల్లలకు మత్తయి సువార్త 25వ అధ్యాయం చెబుతున్నాను. యజమాని దూరదేశం వెళ్తూ ముగ్గురు దాసులకు అయిదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు ఇస్తే, ఒకటి అందుకున్నవాడు దాన్ని గుంతలో దాచేసే కథ. "తలాంతంటే పాడడమే కదా టీచర్, మరి దాన్ని గుంత తవ్వి ఎలా దాచాడు?" అని ఒక పాప అడిగింది. మా సంఘంలో బాగా పాడే పిల్లల్ని తలాంతు ఉన్నవాళ్లంటాం. బళ్లో టాలెంట్ టెస్ట్ అంటారు. రెండూ ఒకటేనా? ఆదివారంలోగా చెప్పగలరా?

నరసాపురం త్రాసు:
టీచర్ గారూ, మాట ఒకటేనండి. కానీ ఆ దాసుడు గుంతలో దాచింది డబ్బు, విద్య కాదు. మాది తాతల నాటి నుంచి బంగారం పని. తూకాలంటే నాకు ప్రాణం, అందుకే ఈ మాట చరిత్ర కాస్త తెలుసు.

గ్రీకులో తలాంతోన్ అంటే మొదట త్రాసు. తర్వాత త్రాసులో తూచే బరువు, ఆ పైన అంత బరువు వెండి విలువ. ఏథెన్స్ లెక్కలో ఒక తలాంతు దాదాపు 26 కిలోలు, అంటే 6000 ద్రాక్మాలు (గ్రీకు వెండి నాణేలు). క్రీ.పూ. 415లో సిసిలీలోని ఎగెస్టా వాళ్లు 60 ఓడలకు నెల జీతంగా 60 తలాంతుల వెండి ఏథెన్స్‌కు పట్టుకొచ్చారని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. ఓడకు 200 మంది, మనిషికి రోజుకో ద్రాక్మా వేసి చూడండి, నెలకు సరిగ్గా ఒక తలాంతు వస్తుంది.

పిల్లలకు మత్తయి 20వ అధ్యాయంతో కలిపి చెప్పండి. అక్కడ ద్రాక్షతోటలో రోజు కూలి ఒక దేనారం, అంటే రోమన్ వెండి నాణెం. తలాంతు సుమారు 6000 దేనారాలు. ఏడాదికి 300 రోజులు పని దొరికినా ఇరవై ఏళ్ల కూలి! ఒక్క తలాంతు దొరికినవాడికి పాపం ఏమీ దక్కలేదని చాలామంది చెబుతుంటారు. అది విన్నప్పుడల్లా నాకు మనసు కష్టమనిపిస్తుంది. వాడి చేతికి వచ్చింది ఒక కూలివాడి జీవితంలో సగం సంపాదన.

గుంటూరు టీచర్:
చాలా థాంక్స్ అన్నయ్యా. మరి డబ్బు కాస్తా ప్రతిభ ఎలా అయింది?

భాషల విద్యార్థి:
ఈ కథ వల్లే. దేవుడిచ్చిన శక్తిని వాడుకోవాలని బోధకులు ఈ ఉపమానానికి అర్థం చెప్పేవారు. అలా 15వ శతాబ్దం నాటికి ఇంగ్లిష్‌లో టాలెంట్ అంటే పుట్టుకతో వచ్చిన నేర్పు అనే అర్థం స్థిరపడింది. మధ్యలో ఇంకో దారి కూడా ఉంది. పాత ఫ్రెంచిలో ఈ మాటకు కోరిక, మనసు మొగ్గడం అని అర్థం. త్రాసు ఒక పక్కకు ఒరిగినట్టన్నమాట. స్పానిష్‌లో తలాంతే అంటే ఇప్పటికీ మనసు తీరు, స్వభావం.

నరసాపురం త్రాసు:
బాగా చెప్పారు బాబూ. టీచర్ గారూ, ఇంకొకటి కూడా పిల్లలకు చూపించండి. తలాంతులు ఇచ్చిన వచనంలోనే "ఎవని సామర్థ్యము చొప్పున వానికిచ్చి" అని ఉంది. అంటే కథలో సామర్థ్యం వేరు, తలాంతు వేరు. సామర్థ్యం దాసుడిది, తలాంతు యజమానిది. మనం ఇప్పుడు రెండింటినీ కలిపేసి, టాలెంట్ లేదని పిల్లల్ని పక్కన పెడుతున్నాం. ఈ తేడా మాత్రం దయచేసి వదలకండి.

తెనాలి పాఠకుడు:
మన తులం, తూకం కూడా ఇందులోంచే వచ్చాయా అండీ?

నరసాపురం త్రాసు:
తులం గ్రీకు నుంచి రాలేదండి, కానీ చుట్టమే. సంస్కృతంలోని తుల, గ్రీకు తలాంతోన్ రెండూ ఎత్తడం, మోయడం అనే అర్థమున్న ఒకే పాత ధాతువు నుంచి పుట్టాయి. తులారాశి, తులాభారం కూడా ఆ ఇంటివే. తూకం, తూగు, తూచు మాత్రం మన ద్రావిడ మాటలు. తమిళంలో తూక్కు చూడండి. ధ్వని దగ్గరగా ఉందని కలపకూడదు.

బరువు మాత్రం ఎక్కడా నిలకడగా లేదు. గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్‌లో రథాల పందెంలో మూడో బహుమతి ఒక కాగు, నాలుగోది రెండు తలాంతుల బంగారం. అంటే ఆ తలాంతు చాలా చిన్నదే అయ్యుండాలి. మన దగ్గరా అంతే, పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు కొట్లో 10 గ్రాములనే తులం అంటున్నాం.