డక్టులో ఫ్యాను మోత: మైకు ఎక్కడ పెట్టాలి?

డ్రయర్‌బాబు: కొత్త ఫ్యాను డేటాషీటులో 92 డీబీ అని ఉంది. డక్టుకి, అంటే గాలి పోయే గొట్టానికి, బెజ్జం కొట్టి, మైకుకి ఫోమ్ బంతి తొడిగి కొలిస్తే 101 వచ్చింది. సప్లయరేమో మీ కొలతే తప్పంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

మీటరయ్య: లోపల గాలి స్పీడెంత?

డ్రయర్‌బాబు: సెకనుకు 18 మీటర్లు.

మీటరయ్య: ఇంకేం, మీరు కొలిచింది ఫ్యానుని కాదు, గాలిని. సుడులు మైకు పొరని కొట్టినా మీటరు దాన్ని శబ్దంగానే చూపిస్తుంది. డక్టులో ఫ్యాను శబ్దం కొలిచే ప్రమాణం ఐఎస్‌ఓ 5136 చదవండి. ఆ స్పీడుకి చీలిక ఉన్న పొడుగాటి గొట్టం తొడగాలి. అందులో శబ్దం నిలుస్తుంది, సుడులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డక్టు చివర శబ్దం వెనక్కి తిరక్కుండా అనెకోయిక్ టర్మినేషన్ కూడా ఉండాలి. మీకుందా?

నైట్‌షిఫ్ట్: నా చెవికి చీలిక గొట్టం లేదు గురూ.

డ్రయర్‌బాబు: నడిచే ప్లాంటులో టర్మినేషన్ ఎక్కడ పెట్టను? పైగా 10 బ్లేడ్లు, నిమిషానికి 1480 చుట్లు, అంటే సెకనుకు 247 బ్లేడు దెబ్బలు, 247 హెర్ట్జ్. సరిగ్గా అక్కడే గ్రాఫు కొమ్ములా లేచింది. అది గాలా?

మీటరయ్య: అది ఫ్యానే, ఒప్పుకున్నా. మరి 63 హెర్ట్జ్ దగ్గర?

డ్రయర్‌బాబు: అక్కడ పెద్ద గుట్ట.

మీటరయ్య: చూశారా, అది గాలి! మీటరు ఏ వెయిటింగులో పెట్టారు, చెవి విన్నట్టు తక్కువ ఫ్రీక్వెన్సీలని తగ్గించే ఎ నా, ఏదీ తగ్గించని జెడ్ నా?

డ్రయర్‌బాబు: జెడ్.

మీటరయ్య: ఎ లో పెడితే 63 దగ్గర 26 డీబీ కోసేస్తుంది. ఫోమ్ బంతి, జెడ్, ఒకటే బెజ్జం! ఇలాంటి కొలతతోనే ఒక పార్టీ నా బిల్లులో 10 శాతం రెండేళ్లు ఆపింది.

డ్రయర్‌బాబు: ఓహో, తమరూ ఫ్యాన్లు అమ్మేవారేనా! ముందే చెప్పొచ్చుగా.

మీటరయ్య: అమ్మితే ఫిజిక్సు మారుతుందా? మీరు మాత్రం ఎంత ఆపారో చెప్పండి.

డ్రయర్‌బాబు: ...10 శాతమే.

నైట్‌షిఫ్ట్: ఇదా అసలు గొడవ. పద్నాలుగేళ్లు ఫ్యాను పక్కన నిలబడ్డా, ఎడమ చెవిలో ఇప్పటికీ కీచురాయి. మనకి ఎనిమిది గంటల షిఫ్టుకి పరిమితి 90 డీబీఏ (ఎ లో కొలిచిన డీబీ), అదీ మనిషి నిలబడే చోట. అక్కడ ఎవరైనా కొలిచారా?

మీటరయ్య: అది వేరే కొలత. డక్టు లోపలి పవరు వేరు, బయట చెవి దగ్గర ప్రెషరు వేరు. అసలు ఆ 92 దేనిది?

డ్రయర్‌బాబు: ఇప్పుడే చూశా. 92 పక్కన చిన్న చుక్క, కింద చీమతలంత అక్షరాలు: ‘కేసింగుకి 1 మీటరు దూరంలో, డీబీఏ, డక్టులు బిగించి.’ సరే, బిల్లు సంగతి సోమవారం మాట్లాడతా.

నైట్‌షిఫ్ట్: పక్కన నిలబడేవాడికి ఇయర్‌మఫ్ కూడా సోమవారమేనా?